అంగవికారము – లోకవ్యవహారము

(మహాసభ విద్యావిషయక సమావేశమున చేయబడిన ఉపన్యాసము)



మన మహాసభలయందు విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు, నిరుద్యోగులైన యువకులను గూర్చియు ఏటేట పెద్దలు ఉపన్యసించుచునే యున్నారు. తీర్మానములును జరుగుచున్నవి. అవి యన్నియు ఆవశ్యకములే. కాని యీ సభకు రాదలచినను మెట్లెక్కి రాజాలనివారిని గూర్చియు, వచ్చినను చూడజాలని, వినజాలని వారిని గూర్చియు ప్రత్యేకముగా ప్రస్తావించుట అరుదు. అట్టివారు మన యిండ్లలో లేకపోలేదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో భారతదేశమున 2 కోట్ల 68 లక్షలమంది, అనగా నూటికి ఇద్దరికి మించి, ఏదో యొక వైకల్యము గలవారుగా నమోదైరి. ఆ లెక్క మన కులమును విడిచిపెట్టి తీసినది కాదు. కావున నేడు ఆ విషయమునే విన్నవింప నెంచితిమి.

మేము చెప్పదలచిన మాట యొక్కటే. వైకల్యము అవయవమునకు సంబంధించినది. అశక్తత చాలవరకు మనము కల్పించినది. మొదటిదానికి చేయవలసిన దేమైన నున్నచో వైద్యులు చేయుదురు. రెండవదానిని తొలగించుట మన చేతిలో నున్నది.

ముందుగా మాటను విచారింతము. మన పల్లెలలో కాలు వంకరయైన బాలునకు తల్లిదండ్రులు పెట్టిన పేరు బారసాలనాటితోనే సరి. పిదప ఊరివారికి వాడు 'కుంటోడు'. చూపు లేని బాలిక 'గుడ్డిది'. మాట రానివాడు 'మూగోడు'. ఇంటిగుర్తు అడిగినవారికి సైతము ఆ పేరుతోనే దారి చూపుదురు. ఇందు ద్వేష మేమియు లేదనియు, అది యలవాటేయనియు కొందరందురు. ద్వేషము లేకపోవచ్చును. కాని పదేండ్లు ఆ పేరుతో పిలువబడిన బాలుడు తన కాలే తాననుకొనుట నేర్చుకొనును.

ఈ విషయమున మన ప్రాచీనవైయాకరణులు పాటించిన మర్యాద స్మరింపదగినది. పాణినీయమున విభక్తిప్రకరణమందు అంగవికారమును దెలుపుటకు ప్రత్యేకముగా నొక సూత్రము కలదు. ఏ యవయవముచే వికారము తెలియబడునో ఆ యవయవమును దెలుపు పదమునకు తృతీయావిభక్తి రావలెనని దాని తాత్పర్యము. అనగా 'కంటిచేత గ్రుడ్డివాడు', 'కాలిచేత కుంటివాడు' అని చెప్పవలెనన్నమాట. ఇది వ్యాకరణకార్యమే గాని నీతిబోధ గాదని మేమెరుగుదుము. అయినను ఆ తృతీయావిభక్తి వికారమునకు ఒక హద్దు గీయుచున్నది. కాలివరకే కుంటితనము, బుద్ధికి గాదు, గుణమునకు గాదు, యోగ్యతకు గాదు. మనము నిత్యవ్యవహారమున ఆ హద్దును చెరిపివేయుచున్నాము.

సామెతలును అట్లే పనిచేయుచున్నవి. పాఠము బోధపడని విద్యార్థిని జూచి ఉపాధ్యాయుడు విసుగుతో 'చెవిటివాని ముందు శంఖమూదినట్లున్నది' అనును. ఆ తరగతిలోనే నిజముగా వినికిడి తక్కువైన పిల్లవా డొకడు వెనుకబల్లపై కూర్చుండియుండవచ్చును. ఇంతకును ఆ సామెతలో తప్పెవరిది? చెవిటివానిది గాదు. వినబడనివాని యెదుట శంఖమే యూదెదనని పట్టుబట్టినవానిది. ఆ విషయమునే పలకపై వ్రాసి చూపినచో, చేతులతో సైగచేసి చెప్పినచో, ఎదుట నిలిచి పెదవులు కనబడునట్లు పలికినచో వాడు గ్రహింపకపోవునా?

ఇటీవల 'వికలాంగులు' అనుటకు మారుగా 'దివ్యాంగులు' అను మాట ప్రభుత్వవ్యవహారమున ప్రవేశించినది. సదుద్దేశముతో వచ్చిన మాటయే. కాని నిందించు పేరు తీసి స్తుతించు పేరు పెట్టినంతమాత్రమున పని నెరవేరదు. దివ్యత్వము వారడిగినది గాదు. వారి సొంతపేరుతో పిలువుడనియు, అందరితోపాటు కూర్చుండనిండనియు మాత్రమే వారడుగుచున్నారు. 2024వ సంవత్సరమున సర్వోన్నతన్యాయస్థానము చలనచిత్రములలో వీరిని చూపు తీరును గూర్చి తీర్పు చెప్పుచు, వైకల్యమును హేళనచేసి కించపరచు హాస్యమునకును, దానిని గూర్చి అవగాహన గలిగించు హాస్యమునకును గల భేదమును వివరించినది. ఆ భేదము వెండితెరకే గాక మన యరుగులకును వర్తించును.

ఇక రెండవ విషయము, పూర్వజన్మపాపమను మాట. వైకల్యముగల శిశువు జన్మించినచో పరామర్శకు వచ్చినవారు మొదట పలుకు మాట యిదియే. మేము శాస్త్రములయందు శ్రద్ధగలవారమే. కర్మసిద్ధాంతమును ఇచట ఖండింపబూనలేదు. కాని ఎదుటివాని కష్టమునకు కారణము నిర్ణయించి తీర్పు చెప్పుటకై ఆ సిద్ధాంతము మనచేతి కీయబడలేదు. మహాభారతము అరణ్యపర్వమునందలి అష్టావక్రుని చరితమును స్మరింపుడు. ఆ బాలుని దేహము ఎనిమిది వంకరలు పోవుటకు హేతువేమి? తండ్రియైన కహోడుడు వేదాధ్యయనము చేయుచుండగా గర్భస్థుడైన శిశువు అందలి దోషమును సూచించెను. శిష్యులమధ్య అవమానము పొందితినని తండ్రి కోపించి శపించెను. ఇందు శిశువు చేసిన పాపమేమియు లేదు. తప్పు చూపిన శిష్యునిపై గురువునకు వచ్చిన కోపమే కలదు. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు ఈ కథను ఈ దృష్టితో మరల చదువదగును.

ఆ కథ తుదిని సమంగానదిలో స్నానము చేయగా అష్టావక్రుని యవయవములు చక్కబడినవని కలదు. వినువారు ఆ ఫలశ్రుతితో సంతసింతురు. కాని జనకుని యాస్థానమున వందిని వాదమున జయించినదియు, నీట ముంపబడిన తండ్రిని మరల దెచ్చుకొన్నదియు చక్కబడిన దేహముతో గాదు. ఎనిమిది వంకరలున్న దేహముతోనే.

మన కాలపు దృష్టాంతము వేరొకటి కలదు. ఒకప్పుడు ప్రతియూరను పోలియోవలన కాళ్లు చచ్చుబడిన పిల్లలు కనబడెడివారు. వారినిగూడ పాపఫలము ననుభవించువారనియే యనిరి. పిమ్మట ఇంటింటికి వచ్చి పిల్లల నోటిలో మందుచుక్కలు వేసిరి. 2011వ సంవత్సరము జనవరి తరువాత సహజమైన పోలియో విషక్రిమివలన మనదేశమున నొక్క శిశువును ఆ వ్యాధికి లోనుగాలేదు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ధ్రువపరచినది. ఆ చుక్కలు దేశములోని శిశువులందరి పూర్వజన్మపాపములను కడిగివేసినవని యెవ్వరైన చెప్పగలరా?

ధర్మశాస్త్రమును గూర్చియు ఒకమాట చెప్పక తప్పదు. పుట్టంధులకును, పుట్టు చెవిటివారికిని, మూగవారికిని పిత్రార్జితమున భాగము లేదనియు, అన్నవస్త్రములు మాత్ర మీయవలెననియు మనుస్మృతి దాయభాగప్రకరణమున విధింపబడినది. ఆ విధి మన కుటుంబములలో చిరకాలము నడచినది. 1928లో చేయబడిన చట్టముచే ఆ యనర్హత చాలవరకు తొలగెను. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వచట్టము వ్యాధివలనగాని, అవయవలోపమువలనగాని ఎవరికిని ఆస్తిహక్కు పోదని స్పష్టపరచినది. అయినను నేటికిని పంపకములవేళ 'వానికి భూమి యెందుకు? మేము చూచుకొందుములే' యను మాట వినబడుచునే యున్నది. చట్టము మారి ఎన్నో దశాబ్దములైనను పెద్దమనుష్యుల తీర్పు మారలేదు. చూచుకొనుట వేరు, హక్కు నిచ్చుట వేరు.

ఇప్పుడు పాఠశాలలోనికి వత్తము. మేము జీవితకాలము మెలగిన చోటు గనుక ఇచ్చట కొంచెము విస్తరించి చెప్పుదుము.

నల్లబల్లమీది యక్షరములు కనబడని పిల్లవాడు ఆ సంగతి తానుగా చెప్పడు. అందరికిని అట్లే కనబడుననియే వాడనుకొనును. ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచి వ్రాసికొనును. దొంగచూపులు చూచుచున్నాడని దెబ్బలు తినును. సంవత్సరాంతమున మందబుద్ధియని పేరు పడును. వానికి కావలసినది ఒక కళ్లజోడు. అట్లే ఒక చెవి సరిగా వినబడని పిల్ల పిలిచినను పలుకదు, పొగరుబోతని యెంచబడును. చక్కగా మాటలాడుచు, లెక్కలు నోటితో చెప్పుచు, చదువుటయందు మాత్రము అక్షరములు తారుమారుచేయు పిల్లవాడు సోమరియని పిలువబడును. ఇట్టి అభ్యసనలోపముగూడ 2016వ సంవత్సరపు చట్టమున వైకల్యములలో జేర్చబడినది. ఈ మువ్వురిలో నొక్కరును కుంటి, గ్రుడ్డి యని యెవరికిని కనబడరు. అందుచే దండన మాత్రమే దొరకును, సాయము దొరకదు. ప్రతి సంవత్సరారంభమున పిల్లలందరి కన్నులను, చెవులను ఒకమారు పరీక్షింపజేయుట పెద్దవ్యయముతో గూడిన పనిగాదు.

వైకల్యము కనబడువారి విషయమున పాఠశాల వేరొక తీరున నడచుకొనును. వారిని కొట్టరు, జాలిపడుదురు. ఆటలవేళ 'నీవిక్కడ కూర్చుండి పుస్తకములకు కావలియుండు' మందురు. విహారయాత్రకు 'నీకు కష్టము, ఇంటనుండు' మందురు. వార్షికోత్సవనాటకమున పాత్ర యీయరు. పరీక్షలో తప్పినను 'పాప'మని మార్కులు వేసి పైతరగతికి పంపుదురు. ఇవన్నియు దయగానే కనబడును. కాని దయపేర మినహాయింపబడిన ప్రతిచోటను ఆ బిడ్డకు 'ఇది నీకు గాదు' అను పాఠమే చెప్పబడుచున్నది. కోపము బిడ్డను ఒకనాడు బాధించును. ఇట్టి జాలి వానిని బ్రతికినంతకాలము కట్టి వేయును.

పైతరగతులలో ఈ జాలి నిబంధనరూపము దాల్చును. మచిలీపట్టణసమీపమున జన్మించిన శ్రీ బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో చూపు లేనివారు. పదవతరగతిలో ఉత్తమముగా ఉత్తీర్ణులై విజ్ఞానశాస్త్రము చదువగోరగా, అంధులకు ఆ శాఖలో ప్రవేశము లేదనిరి. వారు న్యాయస్థానము నాశ్రయించి అనుమతి బడసి, ఉత్తమశ్రేణిలో ఆ చదువు ముగించిరి. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి స్వదేశమునకు మరలివచ్చి, 2012లో పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు ఉద్యోగము లిచ్చుచున్నారు. వారికి చూపు లేకపోవుట వారి దారి నాపలేదు. నిబంధన యాపినది. ఆ నిబంధన సడలిననాడు దారి తెరువబడినది.

నిబంధన త్రోవకడ్డము నిలుచునట్లే, తలచుకొన్నచో త్రోవ తీయనుగలదు. మన తెలుగుదేశముననే దీనికి ఘనమైన నిదర్శనము కలదు. విజయనగరమున మహారాజుగారి సంగీతకళాశాల 1919వ సంవత్సరమున స్థాపింపబడినది. సంస్థానోద్యోగియగు శ్రీ చాగంటి జోగారావుగారి కుమారుడు అంధుడు. అతనికి సంగీతవిద్య నేర్పుటకై మహారాజా విజయరామగజపతిగారు దానిని నెలకొల్పిరని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి. చూపుమాంద్యముతో బాధపడిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచట వయొలిన్ ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారును, శ్రీమతి పి. సుశీలగారును ఆ కళాశాలలోనే విద్య నభ్యసించిరి. ఒక్క అంధబాలునికొరకు తెరచిన తలుపు ఎందరు చూపుగలవారికి దారి యయ్యెనో చూడుడు. వైకల్యముగలవారికై చేయు ఏర్పాటు వారికి మాత్రమే ఉపయోగించునని తలచుట పొరపాటు. వాలుబాట వేసినచో చక్రములకుర్చీయే గాక ముసలివారును, చంటిబిడ్డల తల్లులును దానిమీదనే నడతురు.

లిపివిషయము గూడ నిట్టిదే. ఫ్రాన్సుదేశీయుడైన లూయీ బ్రెయిలీ (1809–1852) మూడేండ్లప్రాయమున తండ్రి తోలుపనిముట్టు కంట గ్రుచ్చుకొని క్రమముగా రెండుకన్నులును గోల్పోయెను. 1824 ప్రాంతమున, పదునైదేండ్ల బాలుడై యుండగనే, ఆరుచుక్కలతో వ్రేలికొనచే చదువదగిన లిపిని గూర్చెను. ఆ యారుచుక్కల కూర్పులు 63. వానితో మన భారతీయభాషలన్నిటికిని తగినట్లు 1951లో భారతీబ్రెయిలీ యేర్పరుపబడినది. అందొక విశేషము కలదు. తెలుగు కకారమును, నాగరి కకారమును, కన్నడ కకారమును చూపుగలవారికి వేరువేరు రూపములు. చూపులేనివారికి ఒక్కటే రూపము. దేశమంతటికి ఏకలిపి కావలెనని పండితులు ఏండ్లతరబడి వాదించిరి. మనము గ్రుడ్డివారన్నవారికి అది యెన్నడో సిద్ధించినది! లోపించినది వ్రేలికొనలలోని విద్య గాదు. ఆ లిపిలో అచ్చొత్తిన పుస్తకములును, దానిని నేర్పగల ఉపాధ్యాయులును చాలకపోవుటయే లోపము.

శైశవమున పోలియో సోకి, జీవితాంతము చంకకర్రలతో నడచిన శ్రీ సూదిని జైపాల్ రెడ్డిగారు (1942–2019) కేంద్రమంత్రిపదవి నలంకరించి, ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారము నందిరి. ఇట్టి మహనీయుల పేర్లు చెప్పినపుడు సభలలో చప్పట్లు మ్రోగును. కాని ఇందు నొక యపాయముగూడ కలదు. వికలాంగుడు మంత్రియైననో, పరిశ్రమాధిపతియైననో గౌరవింతుమనియు, కాకున్న జాలిపడుదుమనియు మనసులో నిబంధన పెట్టుకొనరాదు. రెండుకాళ్లు చక్కగానున్న మన బిడ్డలందరును మంత్రులగుచున్నారా? సామాన్యుడైన వికలాంగబాలునకు సామాన్యమైన పాఠశాలలో సామాన్యమైన చోటు దొరకవలెను. అంతకుమించి మేము కోరుట లేదు. ఆ 2011 లెక్కలలోనే వికలాంగులలో అక్షరాస్యులు సగమునకు కొంచెము మించి మాత్రమే యుండిరని తేలినది. మిగిలినవారు అసాధారణప్రజ్ఞ లేక చదువు మానినవారు కారు. బడి గడప దాటజాలక మానినవారు.

ఇండ్లలోని సంగతి ఇంకను సున్నితమైనది. ఆడపిల్లకు సంబంధము చూచుటకు పెండ్లివారు వచ్చుచున్నారనగా, ఆమె తమ్ముని పెరటిగదిలో నుంచి తలుపు మూయు ఇండ్లు నేటికిని గలవు. చుట్టములకు తెలిసినచో సంబంధము తప్పిపోవునని భయము. ఆ భయము నిష్కారణము గాదు. అట్లు తప్పిపోయిన సంబంధములు గలవు. కావున తలుపు మూసిన తల్లిని మాత్రమే నిందింపరాదు. తలుపు మూయునట్లు చేసినది మనమందరము. దగ్గరి రక్తసంబంధములలో వివాహములు జరిగినచో కొన్ని పుట్టుకలోపములు కలుగు నవకాశము హెచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మేనరికములు మనలో తరతరములుగా వచ్చుచున్నవి. ఆ సంబంధము కుదిర్చినవారు పెద్దలు. లోపమేదైన నున్నచో అది తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించునది. నింద పడునది మాత్రము కోడలిమీద. ఇది న్యాయమా?

చట్టమున లోపము లేదు. 1995వ సంవత్సరపు చట్టమునకు బదులుగా 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. అందు 21 విధములైన వైకల్యములు పేర్కొనబడినవి. నూటికి 40 పాళ్లకు తక్కువగాని వైకల్యముగల బిడ్డకు 6 మొదలు 18 సంవత్సరములవరకు ఉచితవిద్య హక్కుగా నీయబడినది. అట్టివారికి ప్రభుత్వసాయము పొందు ఉన్నతవిద్యాసంస్థలలో నూటికి 5 స్థానములు, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 కేటాయింపబడినవి. పదిమందిలో కావలెనని అవమానించినవారికి ఆరునెలలకు తక్కువగాక ఐదేండ్లవరకు కారాగారశిక్ష గలదు. కాని శిక్షకు భయపడి నోరు మూసికొన్నవారు ప్రక్కన కూర్చుండబెట్టుకొనరు. ఆ పని చట్టముచే గాదు, సంఘముచే కావలెను. కులసంఘమనునది వివాహములను, పంపకములను, వసతిగృహములను నడపు సంఘము గనుక ఈ విషయమున ప్రభుత్వముకంటెను మనకు సాధ్యమైనది యెక్కువ.

కావున ఈ మహాసభ పరిశీలనకు కొన్ని సూచనలు సమర్పించుచున్నాము.

మొదటిది: ప్రతి జిల్లాశాఖయు తన పరిధిలోని కుటుంబములలో బడికి పోని వికలాంగబాలబాలికల పట్టికను తల్లిదండ్రుల సమ్మతితో సిద్ధపరచవలెను. దానిని ప్రకటింపరాదు. వైద్యుల ధ్రువపత్రము, ప్రభుత్వపు గుర్తింపుకార్డు ఇప్పించుటకును, బడిలో జేర్చుటకును మాత్రమే వినియోగింపవలెను.

రెండవది: మన విద్యార్థివసతిగృహములలో క్రిందియంతస్తున కొన్ని గదులు వీరికై కేటాయింపవలెను. వాకిట వాలుబాట వేయవలెను. ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవుండవలెనని నిర్మాణశాస్త్రజ్ఞుల లెక్క. అంతకు తక్కువైనచో అది అలంకారమే గాని బాట గాదు. మరుగుదొడ్డి తలుపు చక్రములకుర్చీ పట్టునంత వెడల్పుగా నుండవలెను. ఇకమీద కట్టబోవు కల్యాణమండపములకును ఇదియే నియమము కావలెను.

మూడవది: విద్యార్థివేతనములు మార్కులనుబట్టి మాత్రమే యీయరాదు. కళ్లజోడు, వినికిడియంత్రము, పరీక్షలో వ్రాసిపెట్టువాని ఖర్చు, బడికి పోవు బండి కిరాయి – వీనికై వేరుగా కొంత నిధి యుంచవలెను.

నాల్గవది: వధూవరుల పరిచయవేదికలలో కుటుంబసభ్యుల వైకల్యము కారణముగా సంబంధములను త్రోసిపుచ్చు ఆచారమును పెద్దలు స్వయముగా మాన్పింపవలెను. అట్టి యింటి పిల్లను ముందుగా కోడలిగా దెచ్చుకొన్న కుటుంబము ఏ తీర్మానమును చేయలేని మేలు చేసినట్లగును.

ఐదవది అతిస్వల్పము. ఈ సంచికలో ఏటేట ప్రథమశ్రేణి విద్యార్థుల ఛాయాచిత్రములు ప్రకటించుచున్నారు. రాబోవు సంచికలలో ఆ పుటలయందే, వేరుగా నొక మూలను గాక, వారి మధ్యనే, ఈ బిడ్డల చిత్రములును వారి సొంతపేళ్లతో ప్రకటింపుడు. పేరు క్రింద వైకల్యమును వ్రాయకుడు. వారు చదువు తరగతిని వ్రాయుడు.

 ఈ సూచనలలో ఏ యొక్కటియైనను నేటి సాయంకాలపు తీర్మానములలో చేరినచో మా శ్రమ సఫలమైనట్లే భావించెదము.